నా ఇషాపూర్ రైఫిళ్లు

నా దగ్గరున్న పాత రైఫిళ్లన్నీ ఒకే ఫ్యాక్టరీలో తయారయ్యాయి. కోల్‌కతాకి ఉత్తరాన, హుగ్లీ నది ఒడ్డున ఉన్న ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ అది. నేనుండేది మాత్రం ఒహైయోలో. ఇక్కడ పాత మిలిటరీ బోల్ట్ యాక్షన్ రైఫిళ్లు, అంటే ప్రతి తూటాకీ చేత్తో బోల్టు లాగి తోసేవి, సేకరించేవాళ్లు చాలామందే ఉన్నారు. ఎక్కువమంది జర్మన్ మౌజర్ల వెంట పడతారు. కొందరికి రష్యన్ మోసిన్ నాగాంట్ అంటే ఇష్టం. అమెరికన్ స్ప్రింగ్‌ఫీల్డ్ 1903 సంగతి చెప్పక్కర్లేదు. ఇండియన్ రైఫిల్ మాత్రం గన్ షోలో అందరూ దాటిపోయే టేబుల్ మీద కనబడుతుంది. ధర చీటీ మీద ‘ఇండియన్’ అని రాసి ఉంటుంది. ధర ఎందుకు తక్కువో ఆ ఒక్క మాటే చెబుతుందని అమ్మేవాళ్ల నమ్మకం.

చెక్క ముతకగా ఉంటుంది, ముద్రలు వంకరగా ఉంటాయి, ఎక్కడ చూసినా రిపేర్లే అని వాళ్లు చెప్పే కారణాలు. నిజమే, ఉంటాయి. కానీ ఆ ముద్రల్నీ రిపేర్లనీ చదవడం వచ్చాక నాకు మిగతా దేశాల రైఫిళ్ల మీద ఆసక్తి తగ్గిపోయింది. ఒక దేశం పరాయి పాలన నుంచి బయటపడి, గజాలు వదిలి మీటర్లకు వచ్చి, ఒక యుద్ధంలో దెబ్బతిని మళ్లీ సర్దుకున్న కథంతా దాదాపు ఒకే ఆకారంలో ఉన్న రైఫిల్ మీద వరసగా కనిపించేది ఇషాపూర్‌లోనే.

అసలు డిజైన్ మనది కాదు. జేమ్స్ పారిస్ లీ అనే ఆయన స్కాట్లండ్‌లో పుట్టి, కెనడాలో పెరిగి, అమెరికాలో స్థిరపడ్డాడు. బోల్టూ, కింద అమర్చే మ్యాగజైనూ (తూటాల పెట్టె) ఆయనవి. బ్యారెల్ లోపలి గాడులు ఇంగ్లండ్‌లోని ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీవి. ఆ రెండు పేర్లూ కలిసి 1895లో లీ ఎన్‌ఫీల్డ్ అయింది. అప్పట్లో కాల్బలానికి పొడుగు రైఫిల్, గుర్రపు దళానికి పొట్టి కార్బైన్ ఇచ్చేవారు. బోయర్ యుద్ధం తర్వాత ఆ తేడా తీసేసి అందరికీ ఒకే పొట్టి రైఫిల్ చేశారు. దాని మార్క్ త్రీ రకం 1907లో వచ్చింది. మన ఊళ్లలో అందరికీ తెలిసిన త్రీ నాట్ త్రీ (.303) ఇదే. మ్యాగజైన్‌లో పది తూటాలు పడతాయి. అయిదేసి తూటాలున్న క్లిప్పు పైన పెట్టి బొటనవేలితో లోపలికి నొక్కుతారు. బోల్టు పిడి ట్రిగ్గర్‌కి దగ్గరగా ఉంటుంది, తిప్పాల్సిన కోణం కూడా తక్కువే. అందుకే అంత వేగం. 1914కి ముందు బ్రిటిష్ సైనికుడు 300 గజాల దూరంలో ఉన్న గురి మీద ఒక్క నిమిషంలో 15 తూటాలు చూసి కాల్చాలన్నది శిక్షణలో లెక్క.

ఇషాపూర్‌లో 18వ శతాబ్దం చివర్లోనే తుపాకీ మందు తయారయ్యేది. రైఫిల్ ఫ్యాక్టరీ 20వ శతాబ్దం మొదట్లో వచ్చింది. అక్కణ్ణుంచి దాదాపు డెబ్బై ఏళ్లపాటు ఈ రైఫిల్‌ని ఏదో ఒక రూపంలో చేస్తూనే ఉన్నారు. ఇంగ్లండ్ రెండో ప్రపంచ యుద్ధంలో నంబర్ 4 అనే కొత్త రకానికి మారిపోయింది. ఇషాపూర్ మారలేదు. పాత నంబర్ 1 రకాన్నే (మార్క్ త్రీ ఈ రకానిదే) చేసుకుంటూ పోయింది.

రైఫిల్ చేతికి రాగానే నేను మొదట చూసేది మడమ చెక్క (భుజానికి ఆనించే వెనక భాగం) మొదలయ్యే చోట, బోల్టు పిడి కింద, కుడివైపు ఉండే ఇనుప పట్టీని. పుట్టుక వివరాలన్నీ దాని మీదే ఉంటాయి. బ్రిటిష్ కాలంలో చేసిన వాటి మీద కిరీటం, దాని కింద జి.ఆర్.ఐ. అన్న అక్షరాలు ఉంటాయి. జార్జి రాజూ చక్రవర్తీ అని వాటి అర్థం. కింద ఇషాపూర్ అని పేరు, తర్వాత సంవత్సరం, రకం. స్వాతంత్ర్యం తర్వాత కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి, పేరు ఆర్.ఎఫ్.ఐ. (రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్) అయింది. మిగతాదంతా అలాగే ఉంది. అదే బోల్టు, అదే మడమ, అదే ఇత్తడి మూత. నా దగ్గర కిరీటం ఉన్నదొకటి, సింహాలున్నదొకటి పక్కపక్కన ర్యాక్‌లో ఉంటాయి. ఇంటికొచ్చిన స్నేహితులకి ముందు ఆ రెంటినే చూపిస్తాను. తుపాకీ అంటే పడనివాళ్లు కూడా వంగి ఆ ముద్రల్ని కాసేపు చూస్తారు.

నా సేకరణలో నేను అన్నిటికన్నా విలువిచ్చేది మాత్రం ఆ రెంటిలో ఏదీ కాదు. ఒక .410 మస్కెట్.

దూరం నుంచి చూస్తే అదీ త్రీ నాట్ త్రీయే. చేతిలోకి తీసుకుని బ్యారెల్‌లోకి చూస్తే లోపల గాడులుండవు, నున్నటి గొట్టం. మ్యాగజైన్‌లో చూస్తే స్ప్రింగు ఉండాల్సిన చోట చెక్క దిమ్మ బిగించి ఉంటుంది. అంటే పది తూటాల రైఫిల్‌ని ఒక్కసారికి ఒక్క తూటా పెట్టుకునే నున్నగొట్టం తుపాకీగా మార్చేశారు. దీని తూటా కూడా .303 గుల్లనే (మందు ఉండే ఇత్తడి తొడుగు) మెడ లేకుండా తిన్నగా ఉంచి చేసినది. పోలీసులకీ, జైలు కాపలావాళ్లకీ ఇలాంటివి ఇచ్చేవారు.

మంచి రైఫిల్‌ని ఎందుకు పాడుచేశారన్నది అర్థం కావాలంటే 1857 దాకా వెనక్కి వెళ్లాలి. సిపాయిల తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం ఒక పద్ధతి పెట్టుకుంది. భారతీయ సైనికుడి చేతిలో ఆయుధం బ్రిటిష్ సైనికుడి ఆయుధం కన్నా ఒక తరం వెనకబడి ఉండాలి. బ్రిటిష్ వాళ్లకి మార్టిని హెన్రీ వచ్చినప్పుడు మనవాళ్లకి స్నైడర్ ఉండేది. వాళ్లకి లీ మెట్‌ఫర్డ్ వచ్చాకే మనవాళ్ల చేతికి మార్టిని వచ్చింది. ఫిరంగులైతే కొండ దళాలకు తప్ప భారతీయులకు అసలు ఇవ్వనే లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 సెప్టెంబరులో మన దళాలు ఫ్రాన్స్‌లోని మార్సే రేవులో దిగినప్పుడు, పశ్చిమ యుద్ధరంగంలో వాడుతున్న కొత్త తూటాకి సరిపోయే రైఫిళ్లు వాళ్లకి అక్కడ దిగాకే చేతికిచ్చారు. చేతికి అలవాటైన రైఫిల్ వదిలేసి, కొత్తది పట్టుకుని, కొద్ది వారాల్లోనే కందకాల్లోకి వెళ్లారు. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

సైన్యం విషయంలోనే ఇంత అనుమానం ఉంటే పోలీసు స్టేషన్ల సంగతి చెప్పేదేముంది? 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మనుషులు చింతపల్లి స్టేషన్ మీద పడి తుపాకులూ తూటాలూ తీసుకుపోయారు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. దొరల ప్రభుత్వం స్టేషన్లలో మంచి తుపాకులు పెట్టడానికి ఎందుకు జంకేదో ఆ మూడు రోజులు చూస్తే తెలుస్తుంది. ఒక్క తూటా మస్కెట్ ఎవరి చేతిలో పడినా నష్టం తక్కువ. నా మస్కెట్‌లో ఉన్న ఆ చెక్క దిమ్మని నేను ఆ భయానికి సాక్ష్యంగానే చూస్తాను. ఒక ప్రభుత్వం తన పోలీసుని కూడా నమ్మలేదని రాసి ఉన్న కాగితాలు ఆర్కైవుల్లో ఎన్ని ఉన్నా, ఆ దిమ్మని వేలితో తడిమినప్పుడు తెలిసేది వేరు.

దీన్ని కొన్నప్పుడు అమ్మినాయన, “ఆ చెక్క పీకేసి కొత్త స్ప్రింగు వేసుకోండి, బాగా పనిచేస్తుంది” అని సలహా ఇచ్చాడు. ఇక్కడ చాలామంది చేసేది అదే. దిమ్మ పారేసి, ఛాంబర్‌ని (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు) బజార్లో దొరికే .410 షాట్‌గన్ తూటాకి సరిపోయేలా తొలిపించి, కుందేళ్ల వేటకి వాడుకుంటారు. అందుకే దిమ్మతో సహా మారకుండా మిగిలినవి తగ్గిపోతున్నాయి. అలాంటిది కనబడితే దయచేసి అందులో ఏదీ పీకకండి.

మస్కెట్ అంటే నాకింత పట్టుదల ఉండటానికి సొంత కారణం కూడా ఉంది. మా నాన్నగారు ఏలూరులో ఆర్మ్‌డ్ రిజర్వ్ హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో గార్డు డ్యూటీకి ఆయన చేతికిచ్చింది ఫోర్ టెన్ మస్కెట్టే. స్వతంత్రం వచ్చి అన్నేళ్లయినా దిమ్మ ఉన్న తుపాకులు మన జిల్లాల్లో కాపలా కాస్తూనే ఉన్నాయన్నమాట. తర్వాత ఆయనకి త్రీ నాట్ త్రీ వచ్చింది. సర్వీసు మొత్తం అదే.

అమ్మా నాన్నా మా దగ్గరికి వచ్చినప్పుడు నేను ఆ సింహాల ముద్ర ఉన్న రైఫిల్ బయటికి తీశాను. ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. అమెరికాలో విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. హెచ్1బి లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాలకి కూడా అదే నిషేధం, హంటింగ్ లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ ఇబ్బంది లేదు. మన పిల్లలు చాలామంది ఇది తెలియక స్నేహితులతో రేంజ్‌కి వెళ్లి ఫొటోలు పెడుతుంటారు. ముందు చట్టం తెలుసుకోండి, అవసరమైతే లాయర్ని అడగండి. ఇమిగ్రేషన్ దగ్గర టెన్షన్ పడే పని పెట్టుకోవద్దు.

నాన్నకి ఈ మాట చెప్పగానే ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. పోలీసు ఉద్యోగం చేసిన మనిషి, రూలంటే రూలే. నేను టేబుల్ మీద దుప్పటి పరిచి రైఫిల్ పెట్టాను.

“ముందు మ్యాగజైన్ తియ్యరా. తీశావా? ఇప్పుడు బోల్ట్ వెనక్కి లాగి ఛాంబర్‌లో వేలు పెట్టి చూడు. కంటితో చూస్తే చాలదు, వేలు పెట్టాలి.”

“చూశాను నాన్నా, ఖాళీయే.”

“ఇంకోసారి చూడు.”

అలా ఆయన చెబుతుంటే నేను బోల్టు తీసి, మడమ వెనక ఇత్తడి మూత తెరిచాను. లోపల నూనె బుడ్డీ, పుల్‌త్రూ తాడూ ఉన్నాయి. ఆ తాడు చూసి నాన్న మొహం మారిపోయింది. “చిందీ గుడ్డ ఏది?” అన్నారు. గొట్టం తుడవడానికి తాడు చివర కట్టే గుడ్డ ముక్కని వాళ్లు చిందీ అనేవారు. ఫైరింగ్ అయ్యాక వేడి నీళ్లు పోసి, చిందీతో లాగి, గొట్టం మెరిసేదాకా హవల్దారు కదలనిచ్చేవాడు కాదట.

“మీ బట్ నంబరు గుర్తుందా?” అని అడిగాను.

“గుర్తులేకపోవడమేంటి! బెల్ ఆఫ్ ఆర్మ్స్ దగ్గర, ఆయుధాల గదిలో, ఆ నంబరు చెబితేనే కదా రైఫిల్ చేతికిచ్చేది,” అని ఆగకుండా చెప్పేశారు. మన పోలీసు రైఫిళ్ల మడమ మీద పెయింటుతో నంబరు రాసి ఉంటుంది. ఇక్కడికి వచ్చిన ఇండియన్ రైఫిళ్ల మీద ఆ పెయింటు జాడలు ఇప్పటికీ దొరుకుతాయి. కొన్నవాళ్లు మొట్టమొదట గీకేసేది దాన్నే. ఆ నంబరు ఎక్కడో ఒక కానిస్టేబుల్ తన పేరంత బాగా గుర్తుపెట్టుకున్నదని వాళ్లకి చెప్పేవాళ్లు లేరు. స్విస్ కె31 రైఫిళ్ల మడమ కింద సైనికుడి పేరూ చిరునామా రాసిన కాగితం ముక్క ఒక్కోసారి దొరుకుతుంది. దాన్ని చూసి ఇక్కడి సేకర్తలు మురిసిపోతారు. మన రైఫిల్‌కి పేరు కాగితం లేదు, పెయింటు నంబరు ఉంది. ఆ గౌరవం దీనికీ దక్కాలి.

ఇక 2ఏ1 అనే ఇషాపూర్ రైఫిల్ గురించి. చైనాతో 1962 యుద్ధంలో మన సైన్యం చాలావరకు త్రీ నాట్ త్రీతోనే పోరాడింది. ఆ తర్వాత సైన్యం 7.62 మిల్లీమీటర్ల నాటో తూటాకీ, తూటా తానే ఎక్కించుకునే సెల్ఫ్ లోడింగ్ రైఫిల్‌కీ మారుతుంటే, అందరికీ అవి అందేలోపు అదే తూటా కాల్చే బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఒకటి ఇషాపూర్‌లో తయారు చేశారు. మొదట వచ్చింది 2ఏ. గురి చూసే సైట్ మీద దూరం అంకెలు 2000 వరకు ఉండేవి. 1965లో ఆ అంకెల్ని 800 మీటర్లకు తగ్గించి 2ఏ1 అని పేరు మార్చారు. రెండు వేల దూరంలో ఉన్న మనిషిని ఒక్కడే గురిచూసి కొట్టడం ఎలాగూ జరగదని ఒప్పుకున్న సైట్ అది. నాకు ఆ నిజాయితీ నచ్చుతుంది. దేశం అప్పటికే నయా పైసాలకీ కిలోలకీ మీటర్లకీ మారింది, రైఫిల్ కూడా మారింది.

దీన్ని ఇక్కడ చాలామంది ‘పాత త్రీ నాట్ త్రీని కొత్త తూటాకి మార్చారు’ అని రాస్తుంటారు. అది తప్పు. కొత్త తూటా ఒత్తిడికి తట్టుకునే మెరుగైన ఉక్కుతో కొత్తగా చేసిన రైఫిళ్లివి. మ్యాగజైన్ కాస్త చతురస్రంగా ఉండి పన్నెండు తూటాలు పడుతుంది. మడమ పట్టీ మన సెల్ఫ్ లోడింగ్ రైఫిల్‌దే. బిగించే బోల్టు మొలకలు వెనకవైపు ఉండే డెబ్బై ఏళ్ల నాటి డిజైన్‌ని నాటో తూటాకి నిలబెట్టిన ఇంజినీర్ల పనిని నేను, ఉక్కు పరీక్షలు చేసే ఉద్యోగంలో ఉన్నవాణ్ణి, మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. వాడేవాళ్లకి ఒక జాగ్రత్త: నాటో 7.62 తూటాలే వాడండి. బజారులో దొరికే .308 వేట తూటాలు దీంట్లో నేను పెట్టను.

కొనడానికి ఇక్కడ ఒక మంచి దారి ఉంది. యాభై ఏళ్లు దాటిన తుపాకులకి ‘సి అండ్ ఆర్’ అనే సేకర్తల ఫెడరల్ లైసెన్సు ఇస్తారు. మూడేళ్లకి 30 డాలర్లు. దాంతో వేరే రాష్ట్రం నుంచి కూడా రైఫిల్ నేరుగా ఇంటికి తెప్పించుకోవచ్చు. ప్రతి కొనుగోలూ అమ్మకమూ ఒక పుస్తకంలో రాయాలి. తనిఖీకి వస్తే చూపించాలి. ఇది వ్యాపారానికి కాదు, సేకరణకే. 1898తో కలిపి అంతకు ముందు తయారైనవైతే ఫెడరల్ చట్టం దృష్టిలో యాంటిక్‌లు, వాటికి ఈ లైసెన్సు కూడా అక్కర్లేదు. రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉంటాయి, అవి చూసుకోవాలి. 2ఏ1లకి యాభై ఏళ్లు ఒక్కో సంవత్సరం ముద్ర చొప్పున నిండుతూ వచ్చాయి. 1968 ముద్ర ఉన్నది 2018లో నిండింది. దానికోసం నేను ఆగాను.

ఇండియాలో ఉన్న బంధువులు “మాకూ ఒకటి తెచ్చిపెట్టకూడదా” అని అడుగుతుంటారు. కుదరదు. .303 మన దేశంలో పౌరులకి నిషిద్ధ బోరు (గొట్టం కొలత). ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత లైసెన్సున్న మనిషికి మొత్తం రెండు ఆయుధాలే. అక్కడ రైతుల ఇళ్లలో, ఎస్టేట్లలో ఉండే .315 వేట రైఫిల్ చూశారా? అది కూడా ఇషాపూర్‌లో చేసినదే, లీ ఎన్‌ఫీల్డ్ బోల్టే. సైన్యం తూటా పౌరుల చేతికి పోకూడదని పెట్టిన నియమం వల్ల పుట్టిన తోబుట్టువు అది. ఇంట్లో తాతల నాటి .315 ఉన్నవాళ్లు లైసెన్సు రెన్యువల్ సక్రమంగా చేయించుకుంటూ దాన్ని కాపాడుకోండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నన్ను అడిగేది ఎక్కువగా ఏది చూసి కొనాలని. నంబర్లు చూడండి. బోల్టు పిడి వెనక, రిసీవర్ (బోల్టు కదిలే ఇనుప చట్రం) మీద, బ్యారెల్ మీద, ముక్కు మూత మీద, వెనక సైట్ రేకు మీద నంబరు ఉంటుంది. అన్నీ ఒకటే అయితే మంచిది. ఇండియన్ ఆర్సెనల్ (ఆయుధాగారం) రిపేర్‌లో పాత నంబరు మీద గీత కొట్టి కొత్తది వేస్తారు. దాన్ని లోపంగా చూడనక్కర్లేదు. ఎఫ్.టి.ఆర్. అన్న అక్షరాలుంటే ఫ్యాక్టరీలో పూర్తిగా రిపేరు చేశారని అర్థం, పక్కన సంవత్సరం కూడా ఉంటుంది. ముందు చెక్కలోంచి అడ్డంగా ఒక స్క్రూ కనిపిస్తే భయపడకండి. చెక్క పగలకుండా మనవాళ్లు వేసేది. ఇక్కడివాళ్లకి అది వికారంగా కనిపిస్తుంది. రాజస్థాన్ ఎండలోనూ అస్సాం వానలోనూ ఒకే చెక్క నిలబడాలంటే చేసిన పని అది, నాకు అందంగానే ఉంటుంది. కొన్నిటికి ముందు చెక్క చుట్టూ రాగి తీగ బిగించి ఉంటుంది. మూతికి కప్పు తగిలించి గ్రెనేడ్ విసరడానికి వాడిన రైఫిళ్లవి. ఆ తీగ విప్పొద్దు.

డి.పి. అన్న అక్షరాలుంటే మాత్రం ఎంత బాగున్నా కాల్చకండి. డ్రిల్లు కోసం పక్కన పెట్టేసిన రైఫిల్ అని దాని అర్థం. లోపల అరిగిపోయిందో, విరిగిందో, అతికిందో తెలియదు. అలాంటిది గోడ మీద అలంకారానికి సరిపోతుంది. కాల్చదలుచుకున్న ఏ పాత రైఫిల్‌నైనా ముందు తుపాకీ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి హెడ్‌స్పేస్ కొలిపించండి. బోల్టు ముఖానికీ తూటా అంచుకీ మధ్య ఎడం ఎక్కువైతే తూటా గుల్ల వెనకవైపు తెగి, వేడి గాలి మొహం మీదికి వస్తుంది. ఇందులో మొహమాటం వద్దు.

తూటాలు నింపేటప్పుడు కూడా ఒక కిటుకుంది. .303 తూటాకి వెనక అంచు ఉంటుంది. పై తూటా అంచు కింది తూటా అంచుకి ముందు ఉండేలా పేర్చాలి. వెనకపడితే బోల్టు తోసినప్పుడు రెండూ చిక్కుకుంటాయి. పాత తూటా ఒకటి విప్పి చూస్తే లోపల కార్డైట్ అనే మందు సన్నటి పుల్లలుగా, సేమియా కట్టలా ఉంటుంది. పొడిలాంటి మందు చూడటం అలవాటైనవాళ్లకి ఆశ్చర్యం వేస్తుంది. పాత మిలిటరీ తూటాల్లో ఒక్కోసారి ట్రిగ్గర్ నొక్కాక ‘టిక్’ మని, ఒక క్షణం ఆగి పేలుతుంది. కాబట్టి పేలలేదని వెంటనే బోల్టు తెరవొద్దు. గొట్టం గురి వైపే ఉంచి అర నిమిషం ఆగండి.

శుభ్రం చేయడం గురించి నాన్న చెప్పిన వేడి నీళ్ల మాటకి కెమిస్ట్రీ ఉంది. పాత తూటాల ప్రైమర్లో (మందుని అంటించే చిన్న టోపీ) పొటాషియం క్లోరేట్ ఉంటుంది. కాలాక అది పొటాషియం క్లోరైడ్ అనే ఉప్పుగా గొట్టంలో మిగులుతుంది. ఆ ఉప్పు గాలిలో తేమ లాక్కుని ఇనుముని తినేస్తుంది. నూనెలో కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. అందుకే మొదట మరిగే నీళ్లు, తర్వాత పొడిగుడ్డ, ఆఖరున నూనె. ఖరీదైన సీసాలు కొనేవాళ్లకి నేను ఎప్పుడూ ఇదే చెబుతాను. ఏలూరు ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో దశాబ్దాల పాటు పనిచేసిన పద్ధతి ఒహైయోలోనూ పనిచేస్తుంది.

చెక్కకి పచ్చి అవిసె నూనె తప్ప ఇంకేమీ రాయకండి. ఉప్పుకాగితంతో రుద్దడం, వార్నిష్ వేయడం అస్సలు వద్దు. రుద్దితే యూనిట్ ముద్రలూ, తనిఖీ ముద్రలూ, నంబరు పెయింటూ పోతాయి. అవి పోయాక మిగిలేది ఒక పాత చెక్క, ఒక ఇనుప గొట్టం. ఎవరి చేతిలోంచి వచ్చిందో చెప్పడానికి ఇంకేమీ ఉండదు. వంద డాలర్లు తక్కువకి దొరికిందని అలా పాడైన రైఫిల్ కొనకుండా, ఇంకో ఏడాది ఆగి మంచిది కొనండి. ఇంట్లో పిల్లలుంటే సేఫ్ ముందు, రైఫిల్ తర్వాత. నా బోల్టులు విడిగా ఇంకో తాళం కింద ఉంటాయి.

2020 గణతంత్ర దినోత్సవం రోజున ఉత్తరప్రదేశ్ పోలీసులు త్రీ నాట్ త్రీకి పెరేడ్‌లో వీడ్కోలు చెప్పారు. ఆ వీడియో నాన్నకి వాట్సాప్‌లో పంపాను. ఆయన ఫోన్ చేసి, వాటిని తర్వాత ఏం చేస్తారని అడిగారు. చరిత్ర తెలిసిన మనిషి ఒకరు కూర్చుని ముందు ముద్రలన్నీ రాసుకుంటే బాగుంటుందన్నాను. “నువ్వు రాసుకో మరి, నీ దగ్గరున్నవైనా,” అన్నారు. అప్పటి నుంచి నేను ఒక పట్టిక నడుపుతున్నాను. నా దగ్గరున్నవే కాదు, షోల్లో చేతికొచ్చిన ప్రతి ఇషాపూర్ రైఫిల్‌దీ సంవత్సరం, రాజముద్ర, రకం, రిపేరు ముద్రలు, మడమ మీద మిగిలిన పెయింటు అంకెలు అందులో ఎక్కిస్తాను. అమ్మేవాళ్లని అడిగితే ఎవరూ కాదనరు.

ఆ పట్టికలో ఇంకా చేరనిది అసలైన 2ఏ. 2ఏ1 కాదు, దానికి ముందుది. ఇంటర్నెట్లో 2ఏ అని అమ్మేవి తీసి చూస్తే ఎక్కువగా 2ఏ1లే. పట్టీ మీద ముద్ర 2ఏ అని ఉండాలి, సంవత్సరం 1965 దాటకూడదు, సైట్ రేకు మీద అంకెలు 2000 దాకా ఉండాలి, రేకు మీద నంబరు రిసీవర్‌తో కలవాలి. రేకు మార్చేయడం చిటికెలో పని కాబట్టి ఆ చివరిది కలవకపోతే నేను కొనను. పెన్సిల్వేనియాలో ఒకాయన దగ్గర ఉందని తెలిసింది. ఫొటోలు అడిగాను, సైట్ రేకు దగ్గరగా తీసిన ఫొటో ఇంకా రావాలి.